అడిగినవాని భాష: బస్తరున జ్ఞాననిర్మాణము

ఉదయమున విశాఖపట్టణమున రైలెక్కినవాడు అనంతగిరి సొరంగములను, అరకులోయను, కోరాపుట్ కొండలను దాటి ప్రొద్దువాలువేళకు జగదల్‌పూరు చేరును. దూరము గొప్పది కాదు. చెవికి మాత్రము అది పెద్ద ప్రయాణము. ఆదివారపు సంతలో ఇప్పపూవు, చింతపండు, సారపప్పు, చాపడా యను ఎఱ్ఱచీమల పచ్చడి ముందు పెట్టుకొని కూర్చున్నవారి నడుమ ఒక్క గడియ నిలిచినచో ఐదాఱు భాషలు వినవచ్చును. భత్రా స్త్రీ తన కూతురితో భత్రీలో మాటాడును. కాంగేరు అడవివైపునుండి వచ్చిన ధుర్వా ముదుసలి తన తోడివానితో పర్జిలో మాటాడును. దక్షిణమునుండి వచ్చిన మారియా గోండీలోను, షావుకారు హిందీలోను మాటాడుదురు. బేరము కుదుర్చుకొనవలసి వచ్చినప్పుడు మాత్రము అందఱును హల్బీ పట్టుదురు. అక్కడ స్థిరపడిన తెలుగు వర్తకుడు గూడ తన లెక్క తెలుగులో చూచుకొని ధరను హల్బీలోనే చెప్పును.

ఇట్టి సంతలోనికి విశ్వవిద్యాలయమునుండి పరిశోధకుడొకడు వచ్చినాడనుకొందము. అతడు పుస్తకము విప్పి, కలము సవరించుకొని, ఆ ధుర్వా ముదుసలిని 'పాలను మీ భాషలో నేమందురు?' అని హిందీలో అడుగును. ముదుసలి ఒక్క క్షణము ఆలోచించి హల్బీలో జవాబు చెప్పును. పరిశోధకుడు దానిని పర్జి మాటగా వ్రాసికొనును. ఇందు ముదుసలి చేసిన తప్పేమియు లేదు. అడిగినవానికి ఏ భాష కొంతైన తెలియునో ఆ భాషలో బదులు చెప్పుట మర్యాద. పట్టణపు కొత్తమనిషి గడప యెక్కినప్పుడు ఇంటిమాటను మఱుగుపఱచి పెద్దమాట తెచ్చుకొనుట తెలుగు పల్లెలలో మాత్రము లేదా? మర్యాదస్థుడైన ముదుసలివలన ఒక తప్పుడు పదము పుస్తకములోనికి చేరినది. అతడు కొంచెము మొరటువాడైయున్నచో శాస్త్రమునకు మేలు జరిగియుండెడిది.

రాతిని పరీక్షించువాడు ఏ భాషలో ఆలోచించినను రాయి మాఱదు. మనుష్యులను గూర్చిన శాస్త్రములకు ఆ భాగ్యము లేదు. ఇక్కడ పరీక్షింపబడు వస్తువు పరీక్షించువానిని తేఱిపాఱజూచును. అతడు ఎవడు, ఎవరి పంపున వచ్చినాడు, పన్ను కట్టించుకొనువాడా, అడవిశాఖవాడా, మందు తెచ్చినవాడా అని తూచుకొనును. ఆ తూనికనుబట్టి బదులు చెప్పును. అందుచేత సామాజిక శాస్త్రములలో 'విషయము' అనబడునది పల్లెలో ముందే పండి, కోసికొనుటకు సిద్ధముగా నున్న పంట కాదు. అది అడిగినవాడును చెప్పినవాడును కలిసి కట్టినది. ఆ కట్టుబడిలో ఎవరి చేయి పైది, ఏ భాష సున్నముగా పనిచేసినది అను విచారణ బస్తరువంటి చోట ఎంతో లాభించును. ఏలయన అక్కడ ఆ కట్టడముల పునాదులు ఇంకను బయటికి కనబడుచున్నవి.

గ్రియర్సన్ పర్యవేక్షణలో వెలువడిన భారతీయ భాషా పరిశీలన గ్రంథమును తెలుగు భాషావేత్త లెల్లరు నెఱుగుదురు. దాని పద్ధతి సులభమైనది. ఒక్కొక్క మండలమునుండి అధికారులు మూడు మచ్చులు పంపవలెను: బైబిలునందలి తప్పిపోయిన కుమారుని కథకు స్థానికభాషలో అనువాదము, స్థానికులు స్వేచ్ఛగా చెప్పిన మఱియొక రచన, కొన్ని పదముల, వాక్యముల పట్టిక. పోల్చిచూచుటకు అన్నిచోట్ల ఒకే కథ యుండుట మేలని ఈ యేర్పాటు. మేలే. కాని ఆ కథలో తండ్రి యాస్తిని ఇద్దఱు కొడుకులకు పంచును. చిన్నకొడుకు దూరదేశమున దానిని దుర్వ్యయము చేయును. తిరిగి వచ్చినవాని వ్రేలికి ఉంగరము తొడిగి, క్రొవ్విన దూడను కోయుదురు. పోడు చేసికొని యొక చోటినుండి మఱియొక చోటికి జరుగుచుండిన కొండమనిషికి, పంచుకొనదగిన స్థిరాస్తి యన నేమో ముందు వివరింపవలసి యుండును. వివరించినవాడు కచేరీ గుమాస్తాయో, బడిపంతులో. అతడు వివరించిన మాటలే అనువాదములోనికి దిగియుండును గాని వేఱొండు గతి లేదు. పదముల పట్టికలోను ఇట్టి చిక్కులే. బస్తరు అడవిపల్లెలలో చాలవాటియందు ఆవుపాలు పితుకుట పూర్వము ఆచారము కాదు. అవి దూడవి యని వారి భావన. అట్టి చోట 'పాలు' అను పదమును కచేరీలో అడిగినప్పుడు చెప్పువాని మనస్సున ఏ పాలు మెదలినవో!

ఇక ఆ గ్రంథమున జగదల్‌పూరు సంతకు పట్టిన గతి చూడుడు. ప్రక్కప్రక్కన బుట్టలు పెట్టుకొని కూర్చున్నవారు మూడు సంపుటములలోనికి చెదరిపోయిరి. భత్రీ ఒడియా యుపభాషలలో చేరి అయిదవ సంపుటమునకు పోయెను. హల్బీ మరాఠీతో గూడి ఏడవ సంపుటమునకు పోయెను. స్టెన్ కోనో కూర్చిన నాలుగవ సంపుటమున, 1906లో, పర్జి గోండీకి ఉపభాషగా నిలిచెను. తెలుగువారికి ఇందు నవ్వుకొనుటకు వీలులేదు. మదరాసు రాజధానియు, హైదరాబాదు, మైసూరు సంస్థానములును ఆ పరిశీలన పరిధిలో చేరకపోవుటచేత, అదే సంపుటమునందలి తెలుగుకు మచ్చులు తెలుగుదేశపు నడిబొడ్డునుండి గాక దాని చుట్టుప్రక్కల అంచులనుండి వచ్చినవి. గోదావరీ కృష్ణా తీరముల తెలుగు ఆ మహాగ్రంథమున పరోక్షముగనే యున్నది.

పర్జి విషయమున దిద్దుబాటు దాదాపు అర్ధశతాబ్దికి జరిగెను. ఆక్స్‌ఫర్డు సంస్కృతాచార్యుడు థామస్ బరోయు, భారతప్రభుత్వ మానవశాస్త్రశాఖకు చెందిన సుధీభూషణ్ భట్టాచార్యయు బస్తరుకు వచ్చి, పర్జి మాటాడువారి నోటినుండి విని, వ్యాకరణమును, కథలను, పదకోశమును కూర్చి 1953లో గ్రంథముగా ప్రకటించిరి. పర్జి గోండీ కాదనియు, అది కొలామీ, గదబ భాషలకు దగ్గఱచుట్టమనియు అందు తేలినది. ఒక్క నిదర్శనము చాలును. తెలుగున పాత 'పల్లు', గోండీలో 'పల్' అనునది పర్జిలో 'పెల్' అగును; తెలుగు 'పాలు', గోండీ 'పాల్' పర్జిలో 'పేల్' అగును. దంతమూలీయములకు ముందు మూలద్రావిడపు అకారము పర్జిలో ఎకారమగుట నియమబద్ధము. బహువచనము చూచినను, గోండీలో కకారమో అనునాసికమో వినబడుచోట పర్జిలో తెలుగు 'లు'ను తలపించు లకారము వినబడును. ఎనిమిదవ తరగతి తెలుగు బాలుడు గూడ, ఎవరైన వినిపించినచో, దీనిని పట్టగలడు. వినిపించువాడు కావలెను.

కోనో పండితుడు కాడని ఎవడును అనజాలడు. తన బల్లమీదికి వచ్చిన కాగితముకన్న ఎక్కువ ఎఱుగుటకు అతనికి దారి లేకపోయెను. బరో, భట్టాచార్యల యాధిక్యము బుద్ధిలో గాక నడకలో నున్నది; వారు కాగితమును వదలి మనిషిని సమీపించిరి. ఐనను వారి గ్రంథము సైతము కొన్ని యూళ్లలో, కొందఱు వక్తలతో, కొన్ని వారములలో కట్టినదే. పర్జిలో వాయవ్య, ఈశాన్య, దక్షిణ భేదములను వారు గుర్తించి గుర్తులు వేసిరి. 1961లో బరో, ఎమెనో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువున ఆ గుర్తులు నేటికిని చూడవచ్చును. ఎవరి నోట ఏ మూల విన్నదో చెప్పుచున్న ఆ చిన్న గుర్తులు, నిఘంటువునందలి యర్థములకన్న తక్కువ విలువగలవి కావు. ఈ మాట వ్యుత్పత్తికారులకు రుచింపకపోవచ్చును.

భాష పేరును గూర్చి ఒక మాట. పర్జి, పర్జా యనునవి 'ప్రజా' శబ్దమునుండి పుట్టినవని చెప్పుదురు. అనగా రాజునకు పన్ను కట్టువారు, రైతులు. ఆ జనులు తమ్ము ధుర్వాలని చెప్పుకొందురు. సింహాసనమునుండి చూచినవానికి కనబడిన రూపము భాషాశాస్త్రమున భాషకు పేరైనది. బస్తరునకు దక్షిణమున కుంట ప్రాంతమున కోయమాట మాటాడు వారిని దోర్లా లందురు. గోదావరికి ఇవతల వారి బంధువులు కోయదొరలు. ఒకడు ప్రజ, ఒకడు దొర. ఇరువురి గుడిసెలలోను ఆకలి మాత్రము ఒక్కటే.

పేరు పుట్టుటను కన్నులార చూడదగిన ఉదాహరణము మఱియొకటి కలదు. విల్‌ఫ్రిడ్ గ్రిగ్సన్ 1927 మొదలు 1931 వఱకు బస్తరు సంస్థానమునకు పాలనాధికారిగా నుండెను. ఆ పిమ్మట హైదరాబాదు నిజాము ప్రభుత్వమున రెవిన్యూ సభ్యుడై ఆదిలాబాదు గోండుల భూమి వ్యవహారమును చూచినవాడును ఆయనయే. ఆయన 1938లో ప్రకటించిన బస్తరు మారియా గోండుల గ్రంథమున అబుజ్‌మఢ్ కొండలవారిని 'కొండ మారియా'లనియు, ఇంద్రావతికి దక్షిణపు మైదానముల దండామీ మారియాలను 'బైసన్‌హార్న్ మారియా'లనియు వ్యవహరించెను. నృత్యవేళ పురుషులు అడవిదున్న కొమ్ములు కట్టిన తలపాగాలు ధరించుటయే ఈ పేరునకు మూలము. ఎవడో దొర కూచిపూడిలో ఒకరాత్రి భామాకలాపము చూచి, మఱునాడు ఆంధ్రులకు 'జడవారు' అని పేరు పెట్టినచో నెట్లుండునో అట్లున్నది. గ్రిగ్సన్ చులకనకై యిట్లు చేయలేదు. రెండు తెగలను వేఱుచేసి చెప్పుటకు అతనికి ఒక సులభమైన గుర్తు కావలసెను. శాస్త్రములలో పేర్లు సామాన్యముగా సదుద్దేశముతోనే పుట్టును.

పుట్టిన పేరు పుస్తకమున ఊరక యుండదు. మధ్యప్రదేశమునకు, 2000లో ఏర్పడిన ఛత్తీస్‌గఢ్ రాష్ట్రమునకును వర్తించు షెడ్యూల్డు తెగల పట్టికలో 'గోండ్' అను ఒక్క శీర్షిక క్రింద పదులకొలది పేర్లు కలవు. అందు కోయ కలదు, కోయితర్ కలదు, మురియా కలదు, దోర్లా కలదు. దండామీ మారియా కలదు. కొన్ని పేర్లకు ముందు బైసన్‌హార్న్ మారియా గూడ కలదు. ఒకే జనము రెండు పేర్లతో రెండు మార్లు ఆ పట్టికలో నెక్కినది: ఒకటి స్థానికముగా వినబడు పేరు, ఒకటి పాలనాధికారి పెట్టిన పేరు. ధుర్వా యను పేరును అదే శీర్షిక క్రింద నున్నది. 1953లో భాషాశాస్త్రము పర్జిని గోండీనుండి విడదీసినది. శాసనమున మాత్రము ధుర్వాలు గోండులే. జనగణన భాషాపట్టికలో పర్జి ప్రత్యేకభాష. తెగల పట్టికలో ఆ భాషవారికి ప్రత్యేకసంఖ్య లేదు, గోండుల మొత్తములో వారు కలిసిపోవుదురు. రెండును ప్రభుత్వ పత్రములే. రెండింటిని పేర్కొని పరిశోధనవ్యాసములు వ్రాయువారు కలరు.

భాషాంతరమువలన జ్ఞానమున కేమగునో చూచుటకు జగదల్‌పూరు కచేరీకన్న మంచి చోటు లేదు. బస్తరు సంస్థానమునకు గౌరవ మానవశాస్త్రజ్ఞుడుగా నుండిన వెరియర్ ఎల్విన్ 1943లో మారియాల హత్యలను, ఆత్మహత్యలను గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. గ్రిగ్సన్ దానికి తొలిపలుకు వ్రాసెను. నూఱు హత్యల న్యాయస్థాన పత్రములు ఆ గ్రంథమునకు ఆధారము. ఎల్విన్ పత్రములతో తృప్తిపడక జగదల్‌పూరు కారాగారమున మారియా ఖైదీలను గూడ కలిసికొనెను.

పత్రమనగా నేమి? ముద్దాయి తన గోండీలో ఒక మాట చెప్పును. ద్విభాషి దానిని హల్బీలోనో హిందీలోనో అందించును. లేఖకుడు వాఙ్మూలముగా వ్రాయును. పై న్యాయాధికారి బల్లమీదికి చేరుసరికి అది ఇంగ్లీషగును. ఒక్కొక్క మెట్టున మాట కొంత అరిగి, కొంత పెరుగును. న్యాయస్థానమునకు కావలసినది ఉద్దేశము: ఏల చంపినావు? ఒక్క హేతువు చెప్పినగాని తీర్పు సాగదు. పగలెల్ల పొలమున, అడవిలో పనిచేసి యింటికి వచ్చినవానికి అన్నము సిద్ధముగా లేదు. మాటకు మాట పెరిగినది. చేతిలో గొడ్డలి యున్నది. దీనికి హేతువేది? న్యాయాధికారి 'అల్పకారణము' అనును. ఎల్విన్ ఈ చావులను చదివి 'అలసట' అను ఒక కారణమును ప్రత్యేకముగా విచారించెను. అది న్యాయస్థానపు ప్రశ్నలలో లేని కారణము. పత్రములు మాఱలేదు, చనిపోయినవారు మాఱలేదు. చదివినవాడు వేఱొక ప్రశ్న వేసెను, వేఱొక విషయము తేలెను. చేతిలోని గొడ్డలిని, ఎక్కని పొయ్యిని మాత్రమే చూచిన కచేరీకి ఆ పగటి శ్రమ కనబడలేదు.

మంత్రతంత్రముల విషయము ఇంకను చిక్కైనది. తెలుగుదేశమున చేతబడి యని ఒకచోట, చిల్లంగి యని ఒకచోట, బాణామతి యని తెలంగాణమున మఱియొకచోట చెప్పుదురు. మూడింటికి భయము ఒకటిగా కనబడును గాని చేయువారు, చేయు విధము, నిందింపబడువారు, విడుగడ అన్నియు వేఱు. మూడింటిని కలిపి 'క్షుద్రవిద్య' అని యొక్క మాటతో వ్రాసినచో పండితునకు పని తేలిక. నిందపడిన ముసలిదానికి మాత్రము తేడా చాల కలదు. బస్తరునందును హల్బీలో పంగన్ అని, దానిని చేయునదిగా అనుమానింపబడిన స్త్రీని పంగనాహిన్ అని యందురు. మారియా నోటి మాట దీనికి సరిపోవునో లేదో ద్విభాషికే తెలియవలెను. అతడు ఆ క్షణమున ఎన్నుకొన్న మాట తీర్పున కెక్కును. ఉరికంబమునకును ద్వీపాంతరవాసమునకును నడుమ, అట్లే ద్వీపాంతరవాసమునకును విడుదలకును నడుమ, ఒక్కొక్కప్పుడు నిలిచినది ద్విభాషి నాలుకయే. ఆ ద్విభాషుల పేర్లను ఏ గ్రంథసూచియందును వెదకి ప్రయోజనము లేదు. శాస్త్రమునకు వారికన్న ఎక్కువ వ్రాసిపెట్టినవారు లేరు. వారికన్న తక్కువ పేరు పొందినవారును లేరు.

ఎల్విన్‌నకు పెద్దపేరు తెచ్చినది 1947 నాటి మురియాల గోతుల్ గ్రంథము. దానిని గూర్చి కావలసినంత చర్చ జరిగినది. అతడు అడవిజనుల విశిష్టతను చూచుటకు వచ్చి విశిష్టతను చూచెను. అతని ప్రత్యర్థి గోవింద సదాశివ ఘుర్యే 1943లో వారిని వెనుకబడిన హిందువులుగా చూచెను. పిమ్మట సిమెరన్ మాన్‌సింగ్ గెల్ 1992 నాటి తన గ్రంథమున గోతుల్‌ను ఊరితోను, ఇంటితోను, పెండ్లితోను కలిపి మఱల విచారించెను. చూపులు మాఱుచున్నకొలది గోతుల్ మాఱుచున్నట్లు కనబడును. ఒకడు చూచినది అసత్యమని దీనికి అర్థము కాదు. దేని ప్రక్కన పెట్టి చూచినాడో చెప్పవలెనని మాత్రమే.

ఈ సత్యము అన్యులకు మాత్రమే వర్తించునని తెలుగు పండితులు తలంపరాదు. తెలుగుదేశమునుండి బస్తరు పోవువాడు వట్టిచేతులతో పోడు. 1323లో ఓరుగల్లు పడిన పిమ్మట కాకతీయవంశీయుడు అన్నమదేవుడు ఉత్తరమునకు పోయి బస్తరు రాజ్యమును స్థాపించెననియు, దంతేశ్వరీదేవి అతని వెంట నడచుచుండగా అందెల మ్రోత ఆగుటచే అతడు వెనుదిరిగి చూచెననియు, ఆమె అక్కడనే నిలిచిపోయెననియు చెప్పు కథను మూటగట్టుకొని పోవును. బార్సూరున పదునొకండవ శతాబ్దినాటి తెలుగు శాసనము కనబడగానే అతని మనస్సు పొంగును. దోర్లా నోట ఒక తెలుగు మాట వినగానే, ఇది చెడిన తెలుగు అని వ్రాసికొనును. అదే మాటను విని గోండీ చదివినవాడు, తెలుగు కలిసిన కోయ అని వ్రాసికొనును. దోర్లా మాత్రము తన మాట తాను మాటాడుచున్నాడు.

దంతెవాడలో రెండు శిలలు కలవు. 1703లో దిక్పాలదేవుడను రాజు వ్రాయించిన ప్రశస్తి అది. ఒక శిలపై సంస్కృతము, రెండవ దానిపై భాష. కలియుగమున సంస్కృతము చదువువారు కొద్దిమంది యగుటచే రెండవ శిల వ్రాయింపబడినదని దానియందే చెప్పబడినది. కృతికర్త మైథిల పండితుడు భగవాన్ మిశ్ర. ఇంత యుదారముగా 'భాష' యని వ్రాసినది ఎవరి భాష? మారియాది కాదు, ధుర్వాది కాదు. తరువాతి కాలమున దానిని ఛత్తీస్‌గఢీకి తొలి లిఖితోదాహరణములలో నొకటిగా పేర్కొనువా రేర్పడిరి. పూర్వము జనులకు తెలియుటకై చెక్కిన శిల నేడు ఒక భాషాచరిత్రకు ఆధారశిల. అన్నమదేవుని కాకతీయ వంశక్రమమును గూర్చి చెప్పుటకును చరిత్రకారులు ఈ శిలలనే ఆశ్రయింతురు. అన్నమదేవునకు దాదాపు నాలుగు శతాబ్దుల పిమ్మట, పురోహితుడు తన రాజునకై వ్రాసిన మాట యిది. రాజు ఏమి వినగోరినాడో అది ఆ శిలలయందు కలదు. దానిని త్రోసిపుచ్చుట ఎంత తప్పో, వంశక్రమమును అట్లే యెత్తి వ్రాసికొనుట అంత తప్పు.

జగదల్‌పూరున 1972లో స్థాపింపబడిన మానవశాస్త్ర ప్రదర్శనశాల కలదు. తలపాగాలు, నగలు, వాద్యములు, ఆయుధములు అద్దముల వెనుక నున్నవి. వస్తువు ప్రక్కన చిన్న అట్టమీద పేరు. వస్తువును చేసినవాని మాటలో ఆ పేరు ఏమో చెప్పువాడు, ఆదివారమైనచో, కొంతదూరమున సంతలో బుట్ట ముందు కూర్చుండియుండును. అద్దము లోపలికి అతడు రాడు, వచ్చినను అడుగువాడుండడు.

ఇంతకును ధుర్వా ముదుసలి పల్లెకు పోవుదము. అతని మనుమడు హిందీ బడికి పోవును, సంతలో హల్బీ మాటాడును. పదేండ్ల కొకమాఱు జనాభా లెక్కలవాడు వచ్చి అరుగుమీద కూర్చుండి మాతృభాష యేమని హిందీలో అడుగును. ఆనాడు ముదుసలి అడవికి పోయియుండును. ఇంటనున్న మనుమడు, బడి నేర్పిన మర్యాదతో, హల్బీ యని చెప్పును. గడి నిండును. భాషాపట్టికలో పర్జి సంఖ్య ఒకటి తగ్గును. తెగల పట్టికలో వారు మొదటినుండియు గోండులు. ఒక్క జవాబుతో, ఎవరి తప్పును లేకుండ, ఒక యిల్లు ధుర్వాగా లెక్కింపబడుటకు మిగిలిన ఒక్క చోటును పోయినది. లెక్కలవాడు కాగితము మడిచి ప్రక్కయింటికి పోవును. లోపల అవ్వ మునిమనుమరాలిని ఒడిలో పెట్టుకొని పేల్ త్రాగించుచు ఏదో చెప్పుచుండును. గోడకు ఇవతలి గడిలో హల్బీ యని వ్రాసిన సిరా ఇంకను ఆరలేదు.